బొమ్మ లేని టీవీ ముందు

మా ఆవిడ చనిపోయింది. వానలు వెనకపట్టిన వారంలో ఓ మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చింది. మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు డాక్టరు గారు. కోటబొమ్మాళిలో మా చర్చి వాళ్ళకి కబురు అందింది. నా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరికి అందలేదు. వాళ్ళు ఇప్పటికీ ఫోన్ చేసి "అమ్మగారు బాగున్నారా సార్" అంటున్నారు. ప్రతిసారీ చెప్పడం కష్టంగా ఉంది. అందుకని ఒకసారి రాసేస్తున్నాను.

నేను ఇంటర్ పిల్లలకి కామర్స్ చెప్పి రిటైరయ్యాను. తర్వాత కూడా ఒక ప్రైవేటు కాలేజీలో చెబుతున్నాను. నాకు పొగడడం చేతకాదు. పొగిడితే ఆమెకీ నచ్చేది కాదు. ఆమె గురించి చెప్పాలంటే మా పాత టీవీ గురించి చెప్పాలి. అది చెబితే చాలావరకు ఆమె గురించి చెప్పినట్టే.

మా అమ్మాయి బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడాది విజయనగరంలో కొన్నాం. కలర్ టీవీ, వెనక ఇంత బుర్ర. పాసింజర్ రైల్లో తెచ్చాం. ఆమె దొరికిన సీటు మీద పెట్టె పెట్టించి, తను పక్కన నిలబడి దాన్ని పట్టుకుంది. ఒకాయన ఊరుకోలేక అడిగాడు.

"పెట్టెకి కూడా టికెట్టు తీసినారేటమ్మా?"

"తీసినాం. నా టికెట్టు దానికిచ్చినాను. నాను నిలబడే ఉన్నాను, సూడ్లేదేటి?"

ఆయన నవ్వి, జరిగి చోటిచ్చాడు. అయినా పొందూరు దాటేదాకా ఆమె కూర్చోలేదు.

ఆమె నా మేనమామ కూతురు. పెళ్ళికి ముందూ తర్వాతా నన్ను బావా అనే పిలిచింది. టీవీని మాత్రం ఇంట్లో మనిషిలాగే చూసుకుంది. కట్టేశాక వెంటనే గుడ్డ కప్పనిచ్చేది కాదు. వెనక అరచెయ్యి పెట్టి చూసేది. "ఒళ్ళింకా ఏడిగా ఉన్నాది, సల్లారనీ" అనేది. చల్లారాక వాళ్ళమ్మ కట్టిన పొందూరు చీర ముక్క కప్పేది. ఉరిమితే చాలు, చేతిలో ఏ పనున్నా వదిలేసి వచ్చి ప్లగ్గు పీకేసేది. రోజంతా ఆడిస్తే నన్నూ అమ్మాయినీ కసిరేది. "దానికి అలుపుండదేటి?" అనేది. శనివారం మధ్యాహ్నం తడిగుడ్డతో తెర తుడిచి, పాత పేపరుతో రుద్దేది. ఆదివారం చర్చికి తయారైన పిల్లలా మెరిసేది ఆ తెర.

ఆ టీవీ ఆమెని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఎప్పుడైనా మొరాయిస్తే మెకానిక్కు వచ్చి వెనక చెక్క విప్పి, దుమ్ము ఊది, ఎక్కడో ఓ చుక్క సీసం అంటించేవాడు. ఆమె టీ కాచి తెచ్చేలోపు బొమ్మ వచ్చేసేది.

ఈలోపు వీధిలో అందరూ గోడకి కేలండర్‌లా తగిలించే టీవీలు కొన్నారు. అవి బాగానే కనిపించేవి. కానీ ఒకదానికి అడ్డంగా గీత పడేది, ఇంకొకదానికి సగం తెర నల్లబడేది. విప్పి చూడమంటే మెకానిక్కు చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. "ప్యానెల్ పోయింది, బాగుచేయించే కన్నా కొత్తది కొనుక్కోండి" అనేవాడు. ఆ మాట మా ఆవిడకి అసలు గిట్టేది కాదు. "మనిషికి జబ్బు సేసినా ఇలగే అంటారేటి?" అని అడిగేది.

కానీ వాళ్ళ టీవీలు పోతే ఆమెకి లోపల సంతోషం. ఎవరి ఇంట్లో టీవీ పోయినా మధ్యాహ్నం సీరియల్‌కి మా ఇంటికే వచ్చేవాళ్ళు. ఆమె క్రైస్తవ మిషను కాంపౌండులో ఇరవై ఇళ్ళ మధ్య పెరిగిన మనిషి. అమ్మాయి పెళ్ళై విజయనగరం వెళ్ళిపోయాక, నేను కాలేజీలో ఉండే మధ్యాహ్నాలు ఆమెకి బరువయ్యాయి. నలుగురి గొంతులు వినపడకపోతే ఆమెకి అన్నం సయించేది కాదు. ఈ మాట ఆమె ఎవరితోనూ అనేది కాదు. టీవీ గుడ్డ తీసి మడత పెట్టి, వీధి తలుపు తీసి ఉంచేది, అంతే.

ఒక ఏడు వచ్చిన తుఫానుకి చాలా రోజులు కరెంటు లేదు. వచ్చిన రోజు ఒక్కసారిగా ఎక్కువై వచ్చి, వీధిలో సగం టీవీల్ని తినేసింది. మాది ప్లగ్గు పీకి ఉంది కనక బతికింది. మర్నాడు మా ముందుగది నిండిపోయింది. ఎదురింటి అప్ప వచ్చింది. అప్ప అంటే మా వైపు అక్క. వరస కలిసిన అక్క కాదు, వీధి ఇచ్చిన అక్క. పక్కింటి కోడలు పిల్లని చంకనేసుకుని వచ్చింది. మా ఆవిడ అందరికీ టీ ఇచ్చి, నా చెవిలో "తుఫాను ఊరికే రాలేదు బావా" అంది.

"తప్పే, అలా అనకూడదు."

"టీవీలే కదా పోనాయి. మనుసులు పోలేదు కదేటి."

మా టీవీ ముసలిదైపోయిందని అమ్మాయి ఒకటి కొత్తది కొని పంపింది. పాతది అటక ఎక్కింది. ఆ వారం శనివారం రానే వచ్చింది. మా ఆవిడ అలవాటు ప్రకారం తడిగుడ్డ పిండి, కొత్త తెరని పైనుంచి కిందికి శుభ్రంగా తుడిచింది. నీళ్ళు కింది అంచులోకి దిగాయి. సాయంత్రానికి తెర కింద నల్లటి మరక లేచింది. ఆదివారానికి మొత్తం పోయింది. కంపెనీ తరపున వచ్చినతను, తడి తగిలితే గ్యారంటీ వర్తించదన్నాడు.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని అతన్ని అడిగింది. "మొకం కడిగితే సచ్చిపోయే టీవీ ఏటి టీవీ, బాబూ?"

అతను సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. పాత టీవీ అటక దిగింది.

తర్వాతి సంగతి కొంచెం మెల్లిగా తెలిసింది. ఆమె బొత్తాలు కుట్టడం మానేసింది. చేతులు నొప్పి అంది. బైబిలు నన్ను చదవమంది. "నీ గొంతు బాగుంటాది" అంది. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది కానీ పేజీ తిప్పేది కాదు. పాటలన్నీ ఆమెకి నోటికే వచ్చు. విజయనగరం తీసుకెళ్ళి కళ్ళు చూపించాను. షుగర్ వల్ల కంటి లోపలి పొర దెబ్బతిందన్నారు. మిగిలింది కాపాడటానికి చూస్తాం, పోయిన చూపు మాత్రం రాదన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఆనక, "అంటే ప్యానెల్ పోనాదన్నమాట" అంది.

నేను నవ్వలేదు.

"నవ్వు బావా. నవ్వుకి టికెట్టు లేదు."

ఊరు దగ్గరపడ్డాక నా చెయ్యి పట్టుకుంది. "వీదిలో సెప్పకు. అమ్మాయికి సెప్పు, పాస్టరు గారికి సెప్పు. వీదిలో వద్దు."

"ఎందుకే?"

"వాళ్ళొచ్చీది టీవీ సూడ్డానికి. కళ్ళు లేనిదాన్ని సూడ్డానికొస్తే గొంతు తగ్గించి మాటాడతారు. జాలి పడతారు. రెండ్రోజులు జాలి పడి మూడో రోజు మానేస్తారు. నాకొద్దు."

చెప్పలేదు. ఆమె రోజూ తన కుర్చీలో తెరకి ఎదురుగా కూర్చునేది. గొంతులు పట్టి సీరియల్‌లో ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో అంటూ ఉండేది. బయటి వాళ్ళకి అనుమానం రాదనే నేననుకున్నాను. కానీ ఆమెకి ప్రతి మధ్యాహ్నం పరీక్షే. "ఈరోజు ఆ పిల్ల నవ్వినాదో ఏడ్సినాదో తెల్లేదు బావా, ఏటనాలో తోచక దగ్గేసినాను" అనేది రాత్రి అన్నం దగ్గర.

ఆ రోజుల్లోనే పాత టీవీకి బొమ్మ పోయింది. మాటలు వస్తున్నాయి, తెర మాత్రం నలుపు. నాకు చాలా బాధ కలిగింది. ఇన్నేళ్ళు నిలబడింది ఇప్పుడే పోవాలా అనిపించింది. మెకానిక్కుని పిలిచాను. అతను వెనక చెక్క విప్పి చూసి నవ్వాడు.

"పాత సెట్టు సార్, గట్టిది. ఒక్క ముక్క మారిస్తే బతుకుతాది. ఎక్కడో దొరుకుతాది, తెస్తాను."

మా ఆవిడ కుర్చీలోంచి అంది. "వద్దు బాబూ. మూసీ."

"అమ్మా, బాగవుతాదండీ."

"తెలుసు. మూసీ. టీ తాగి ఎల్లు."

అతను వెళ్ళాక ఎందుకొద్దన్నావని అడిగాను. ఆమె చెయ్యి చాచి టీవీ నెత్తి మీద వేసింది.

"బొమ్మ వస్తే నాను సూడాలి కదా బావా. సూసినట్టు మొకం పెట్టాలి. అలిసిపోనాను. ఇప్పుడైతే ఎవుళ్ళకీ కనబడదు. అందరం ఒకటే."

ఇన్నేళ్ళు దానికి చిన్న గీత పడనివ్వని మనిషి. మెకానిక్కుని మళ్ళీ పిలవలేదు. కానీ ఒక భయం మిగిలింది, అది ఇద్దరిదీ. బొమ్మ లేని టీవీ చూడ్డానికి ఎవరొస్తారు? మర్నాడు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. ఆమె సౌండు పెద్దది చేసి, వీధి తలుపు తీసి కూర్చుంది. సీరియల్ మొదలైంది. వీధిలో ఎవరూ లేరు. ఆమె కొంగు చివర వేలికి చుడుతోంది, విప్పుతోంది.

ఎదురింటి అప్ప గడప దగ్గరే అరిచింది. "ఓలమ్మా, మీదీ పోనాదేటి?"

"బొమ్మ పోనాది వదినా. మాటలున్నాయి."

"మాదానికి బొమ్మా లేదు, మాటా లేదు. మళ్ళీ ప్యానెలంట. మీది సగమైనా ఉన్నాది. జరుగు, కూకుంటాను."

కాసేపటికి పక్కింటి కోడలు. వాళ్ళ టీవీ కూడా మళ్ళీ పోయిందట. మా ఆవిడ ముఖం చూశాను. అంత వెలుగు ఆ తెరలో నేనెప్పుడూ చూడలేదు.

అలా నెలలు గడిచాయి. వాళ్ళ టీవీలు బాగుపడనే లేదు. నేను కాలేజీ స్టాఫు రూములో కొత్త టీవీల నాణ్యత మీద దొరికినవాళ్ళకల్లా క్లాసు పీకాను. పాత వాటికి పోలికే లేదని, మా వీధిలో ఒక్కటీ నిలవలేదని చెప్పాను.

ఆమె పోయాక చర్చి వాళ్ళు మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక అయిపోయిన మర్నాడు, వంటకి తెచ్చిన పెద్ద డేగిసా తిరిగి ఇవ్వడానికి ఎదురింటికి వెళ్ళాను. గోడ మీద టీవీ ఆడుతోంది. బొమ్మ నిక్షేపంగా ఉంది.

"ఎప్పుడు బాగైంది అప్పా?"

"ఏది తమ్ముడూ?"

"టీవీ. ప్యానెల్ పోయిందన్నావు కదా."

అప్ప దాన్ని కట్టేసి, డేగిసా అందుకుని కింద పెట్టింది. నా వైపు చూడలేదు.

"తుఫానుకి పోనాది నిజవే. తరవాత మా వోడు కొత్తది తెచ్చినాడు. అది పోలేదు."

"పక్కింటి వాళ్ళది?"

"అదీ పోలేదు."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"ఆమెకి కనబడదని మీకెలా తెలుసు?"

"మీ టీవీకి బొమ్మ ఉన్నప్పుడే తెలిసిపోనాది తమ్ముడూ. ఓరోజు కేబుల్ సెడి తెరంతా గళ్ళు గళ్ళు. మాటలొక్కటే వస్తన్నాయి. నీ పెళ్ళాం 'ఆ పిల్ల సీర బాగున్నాది కదా వదినా' అన్నాది. అక్కడ పిల్లా లేదు, సీరా లేదు. నానూ ఆ కోడలూ మొకాలు సూసుకున్నాం. బాగున్నాదమ్మా అన్నాం."

"మరి ఆమెతో ఎందుకనలేదు?"

"అంటే ఏటవుతాది? కళ్ళు పోనాయని ఓదార్సడానికి వచ్చినామనుకుంటాది. టీవీ సూడ్డానికొచ్చినామంటే మామీద పెత్తనం సేసీది. టీ ఇచ్చీది, కసిరీది. 'కదలకుండా కూకోండి, మీ ఇంట్లో ఎలాగూ లేదు' అనీది." అప్ప కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ కసురు బాగుండీది తమ్ముడూ."

నేను ఇంటికి వచ్చేశాను. స్టాఫు రూములో నేను తిట్టిన టీవీల్లో కనీసం రెండింటిని అన్యాయంగా తిట్టాను.

ఆ సాయంత్రం నుంచీ కిందటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నమే కళ్ళ ముందు ఆడుతోంది. పరీక్షల రోజులు, కాలేజీ నుంచి బేగి వచ్చేశాను. చెప్పులు విప్పుతుంటే లోపల దెబ్బలాట వినిపించింది.

"పసుపు సీర కట్టుకున్నాది" అంటోంది మా ఆవిడ.

"పసుపేటి, ఎరుపు. ఆ గొంతు ఎరుపు సీర గొంతు" అంది అప్ప.

"నీలం అత్తా. అలిగినప్పుడు నీలమే కడతాది" అంది పక్కింటి కోడలు.

"నా ఇల్లు, నా టీవీ. పసుపంటే పసుపే!"

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. అంతలో కరెంటు పోయింది. ఫ్యాను మెల్లిగా తిరిగి ఆగింది. టీవీలో మాటా పోయింది. ఇక లేచి వెళ్తారనుకున్నాను. ఎవరూ లేవలేదు. మా ఆవిడ కాళ్ళు పైకి పెట్టుకుని సర్దుకుని, "తరవాత ఏటైనాదంటే, అది పెట్టె సర్దుకుని పుట్టింటికి బయల్దేరినాది" అని చెప్పడం మొదలుపెట్టింది. "ఎండలో ఎల్తన్నాది. ఎనకాల మొగుడు సైకిల్ మీద వస్తన్నాడు, సూడండి."

వాళ్ళిద్దరూ ఆ నల్లటి తెర వైపే చూస్తూ, కళ్ళార్పకుండా వింటున్నారు.