అమ్మ తప్పు పలికిన మాట

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. తిరువూరులో పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. చర్చికి వెళ్తాను గానీ తాయెత్తులూ సోదెలూ అంటే ఒళ్లు మంట. అందుకే ఈ సంగతి మావాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పంతొమ్మిదివందల డెబ్బైలలో అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. రోజంతా గలగలా మాట్లాడే మనిషి అలా గోడకేసి చూస్తూ పడుకుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

"ఏదో ఒకటి చదివి వినిపిస్తుండండి. మాట రావచ్చు. వచ్చినా మొదట్లో ఒక మాటకి ఇంకో మాట పడుతుంది, కంగారు పడొద్దు" అన్నారు డాక్టరుగారు.

అమ్మకు చదువు రాదు. బైబిలు వినిపిస్తే కళ్లు మూసుకునేది. సరే, కథలైనా వింటుందేమోనని బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపుకి వెళ్లాను. మాయల నవలలు రాసే ఒకాయన పేరు అప్పట్లో ఊరంతా మోగుతుండేది. నేను ఆయనవి ఒక్కటీ చదవలేదు. ఎక్కడ మొదలుపెట్టాలని షాపాయన్ని అడిగాను.

"పేరుమోసిన వాటితో మొదలెట్టకండి టీచరుగారూ. వాటినిండా యుద్ధాలే, పెద్దావిడకి ఎవరు ఎవరో తెలీదు. ఇదిగో, ఇప్పుడు నెలకో భాగం వస్తోందే, ఇది పట్టుకెళ్లండి. ఆఖరి భాగం ఆయన ఇంకా రాస్తూనే ఉన్నాడంట."

బడి నుంచి రాగానే అమ్మ పక్కన కూర్చుని చదివేదాన్ని. కథ ఒక రాకుమారుడిది. అతను ఎటు బయల్దేరినా, ముసుగేసుకున్న మాంత్రికుడొకడు దారి మూసేస్తుంటాడు. నాకైతే విసుగే. అమ్మ మాత్రం గోడ వదిలేసి నావైపు తిరిగింది.

ఒక సాయంత్రం మాంత్రికుడు మళ్లీ రాగానే అమ్మ పెదాలు కదిలాయి.

"మంత్రసాని."

అమ్మ గొంతు! సంతోషంతో అమ్మ చెయ్యి పట్టుకున్నాను. "మంత్రసాని కాదమ్మా, మాంత్రికుడు" అన్నాను. కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"మంత్రసానే."

రోజూ అదే వరస. అన్నం, నీళ్లు, నా పేరు, అన్నీ ఒక్కొక్కటిగా సరిగ్గానే వచ్చాయి. ఆ ఒక్క మాటే మారలేదు. డాక్టరుగారు చెప్పింది ఇదే కాబోలనుకున్నాను. ఇంతకంటే బాగుపడదేమోనని లోలోపల కుమిలిపోయాను.

ఆఖరి భాగం బెజవాడ బస్సులో దిగినరోజు షాపాయన కట్ట నా ఎదుటే విప్పాడు. కాగితాల అంచులు కూడా కోసి లేవు. ఇంటికొచ్చి నేనే చాకుతో విడదీసుకుంటూ చదివాను.

చివర్లో మాంత్రికుడి ముసుగు జారుతుంది. లోపల ఉన్నది మగవాడు కాదు, రాణికి పురుడు పోసిన మంత్రసాని. తన చేతుల్లో పుట్టిన బిడ్డను, చావు రాసిపెట్టి ఉన్న చోటికి పోనివ్వకుండా అన్నేళ్లూ అడ్డుపడుతూ వచ్చింది.

ఆ పేజీ మళ్లీ చదివాను. అమ్మ మాత్రం పాత కబురు విన్నట్టు తాపీగా ఉంది.

"నీకెలా తెలుసమ్మా?"

"అదేంటే, మొన్న నువ్వేగా చదివి వినిపించావు. చివర్లో ఏడ్చావు కూడా."

జబ్బుపడ్డాక అమ్మ అన్ని మాటలు కలిపి మాట్లాడటం అదే మొదలు. చెంప తడుముకుంటే చెయ్యి తడిసింది.

ఆయన నవలల్లో ఏది ముందు చదవాలని ఎవరడిగినా ఇప్పటికీ అదే చెబుతాను. అమ్మకు మాత్రం ఆ ఆఖరి భాగాన్ని నాకంటే ముందు ఎవరు చదివి వినిపించారో నాకు తెలియదు.