మేజోడు కత్తి

యానాం అడవిపొలంలో ఇన్నయ్య ఇల్లెక్కడని అడిగితే ఒక పట్టాన ఎవరికీ గుర్తురాదు. లంగా కట్టుకుని బూరా ఊదే మిలట్రీ ఆయన అంటే మాత్రం ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. అది లంగా కాదు, కిల్టు అని చెప్పడం ఆయన ఏనాడో మానేశాడు. ఎదురింటి సీతామహాలక్ష్మికి ఒక్కసారి మాత్రం లెక్క చెప్పాడు.

"ఏంటి అన్నయ్యగారూ, ఈ వయసులో గళ్ళ లంగా ఆరేశారు?"

"ఎనిమిది గజాలమ్మా ఇది. నీ చీర ఆరు గజాలే. ఒక్క గడి తప్పకుండా దీనికి కుచ్చిళ్ళు పెట్టి చూపించు, రేపట్నించి నేను చీరే కట్టుకుంటాను."

ఆవిడ చీపురు కింద పడేసి మరీ నవ్వింది.

ఇన్నయ్య పటాలంలో తుపాకీ పట్టిన మనిషి కాదు. దర్జీగా చేరాడు, దర్జీగానే బయటికొచ్చాడు. ఆ పటాలానికి పైపు బ్యాండు, అంటే చంకలో గాలిసంచి నొక్కుతూ ఊదే బ్యాగ్‌పైపుల బృందం, ఉండేది. తెల్లదొరల కాలంనాటి అలవాటు ప్రకారం బ్యాండువాళ్ళకి స్కాట్లాండు దుస్తులే. గళ్ళ కిల్టు, మోకాలిదాకా ఊలు మేజోళ్ళు, నడుం ముందు వేలాడే తోలుసంచి, కుడి మేజోడు అంచున చిన్న కత్తి. వాటి కుట్టూ అతుకూ అంతా ఇన్నయ్య చేతిమీదే నడిచేది. పైపు సంచులు కూడా ఆయనే కుట్టేవాడు. కుట్టిన సంచిలోంచి గాలి పోతోందో లేదో తెలియాలంటే ఊది చూడాలి. అలా ఊదీ ఊదీ, ఎవరూ చెప్పకుండానే, స్టోరు గదిలో తలుపేసుకుని ఒక పాట పట్టుకున్నాడు. ఒకరోజు బ్యాండు పెద్ద, పైప్ మేజర్ అమ్మన్న తలుపు తోశాడు.

"ఎవడ్రా నీకు నేర్పింది?"

"ఎవరూ లేరండి. సంచి పరీక్ష చేస్తున్నానండి."

"సంచి బానే ఉంది. మూడో చరణంలో వేలు ఆలస్యంగా లేస్తోంది. మళ్ళీ ఊదు."

ఆ రోజు మొదలు ముప్పై ఏళ్ళపాటు అమ్మన్న ఆయనకి మళ్ళీ ఊదు అని చెబుతూనే ఉన్నాడు. ఇద్దరూ రిటైరయ్యారు. అమ్మన్న గోదావరికి అవతల, ముమ్మిడివరం దాటాక ఒక లంక ఊళ్ళో కొబ్బరితోట చూసుకుంటూ ఉండిపోయాడు. ఇన్నయ్య యానాం వచ్చి కుట్టుమిషను పెట్టుకున్నాడు. పిల్లల్లేరు. భార్య జోసెఫిన్ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడ ఉన్నప్పుడు వంటింట్లోంచి చాలించమని అరిచేది. ఆవిడ పోయాక అలా అరిచే మనిషి లేదు. చుట్టుపక్కలవాళ్ళు గట్టిగా ఏమీ అనరు గాని, ఆయన పైపు తీయగానే కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటాయి. అందుకని సైకిలుమీద దరియాలతిప్ప వైపు వెళ్ళి, మనుషుల్లేని ఒడ్డున నిలబడి ఊదుకునేవాడు.

ఆదివారాలు మాత్రం ఇంట్లోనే. పూజ ముగించుకుని చర్చినుంచి రాగానే ఫోనుని మిషను బల్లమీద నిలబెట్టి అమ్మన్నకి కలిపేవాడు. అటునుంచి ముందుగా దగ్గు వినిపించేది, తరవాత "ఊఁ" అనేవాడు. ఇన్నయ్య ఊదేవాడు. అయ్యాక అమ్మన్న ఏ వేలు తప్పిందో చెప్పేవాడు. బాగుందని ఎప్పుడూ అనలేదు. ఏమీ అనకుండా కొబ్బరిధర గురించి మొదలుపెడితే బాగున్నట్టు.

రెండేళ్ళ కిందట అమ్మన్న ఊపిరి సరిపోక పైపు పక్కన పెట్టేశాడు. ఆ రోజే ఒక మాట తీసుకున్నాడు. "నేను పోయినప్పుడు నువ్వొచ్చి నెమ్మది నడక పాట ఊదాలి. పూర్తి దుస్తుల్లో రావాలి. టోపీ నుంచి మేజోడు కత్తి దాకా ఒక్కటి తగ్గినా రావొద్దు."

"అలాగేనండి," అన్నాడు ఇన్నయ్య. అరవై దాటాక కూడా అమ్మన్నని 'అండీ' అనే పిలిచేవాడు.

ఆ కత్తి ఆయన సొంతంగా చేసుకున్నదే. పటాలం కత్తి పటాలంలోనే వదిలిరావాలి కదా. మెట్టకూరు వర్క్‌షాపులో అరిగిపోయిన మిషను రంపం బ్లేడు ఒకటి అడిగి తెచ్చుకుని, నాలుగు నెలలు ఆకురాయితో అరగదీశాడు. మూడున్నర అంగుళాల అలుగు. గేదెకొమ్ము పిడి. ఒర మాత్రం మూడుసార్లు కుట్టాల్సివచ్చింది. మొదటిది వదులై, నడుస్తుంటే కత్తి మేజోడులోకి జారి చీలమండకి గుచ్చుకుంది. రెండోది బిగుసుకుపోయి చెమటకి కత్తి తుప్పుపట్టింది. మూడోదానికి లోపల మైనం రాశాడు, అది కుదిరింది.

ఎలా పెట్టుకోవాలో అమ్మన్నే చెప్పాడు. కుడిచేతివాటమైతే కుడికాలికి. పిడి రెండంగుళాలు బయటికి కనపడాలి. "ఎందుకో తెలుసా? పూర్వం స్కాట్లాండు కొండజనం ఎవరింటికైనా వెళ్తే, చంకలో దాచుకున్న కత్తి తీసి అందరికీ కనపడేలా మేజోట్లో పెట్టుకునేవారంట. నా దగ్గర ఇదొక్కటే ఉంది, చూసుకోండి అని. పిడి కనపడితే చుట్టం. దాచుకుంటే దొంగ." బ్యాండుతో ఒకసారి స్కాట్లాండు వెళ్ళొచ్చిన మనిషి కాబట్టి అక్కడి సంగతులూ చెప్పేవాడు. జాతి దుస్తుల్లో భాగంగా పెట్టుకుంటే అక్కడి చట్టం ఒప్పుకుంటుందనీ, అయినా విమానమెక్కేటప్పుడు పెద్ద పెట్టెలో పడేయాల్సిందేననీ, చేతిసంచిలో పెట్టినవాడి కత్తి పోయినట్టేననీ. ఎవరైనా అడక్కముందే చూపించాలి అనేవాడు.

మొన్న వేసవిలో, ఎన్నికలకింకా పదకొండు రోజులుండగా, పొద్దున్న తొమ్మిదింటికి ఫోను మోగింది. అమ్మన్న కూతురు సాయిలక్ష్మి.

"బాబాయ్, నాన్నగారు తెల్లారగట్ట పోయారు. నాలుగింటికి తీసుకెళ్తామంటున్నారు. నువ్వొస్తావని చెప్పాను అందరికీ."

"వస్తానమ్మా," అన్నాడు ఇన్నయ్య.

పైపులో మోగే రెల్లుపీకలు తడిపి సరిచేసుకున్నాడు. కిల్టు ఇస్త్రీ చేశాడు. కుచ్చిళ్ళు అన్నీ ఒకేసారి కుదరవు, ఒక్కోటీ తడిగుడ్డ వేసి నొక్కాలి. అన్నీ అయ్యేసరికి ఒంటిగంట. ఆటో గణేష్ వచ్చి గుమ్మంలో నిలబడి పైనుంచి కిందిదాకా చూశాడు. మేజోడు దగ్గర అతని చూపు ఆగిపోయింది.

"మావయ్యా, అదేంటి? కత్తా?"

"ఆఁ. దుస్తుల్లో భాగం."

"మీకు భాగమేనండి బాబూ! వంతెన అవతల చెక్‌పోస్టు పెట్టారు. ఎలక్షను రోజులాయ్. యానాం నుంచి వచ్చే బండిలో చవక మందు ఉంటదని సీటు కింద కూడా ఎతుకుతున్నారు. కత్తి కనపడితే ఇద్దర్నీ లోపలేసేత్తారు. నా ఆటో పోద్ది. దాచెయ్యండి."

"దాచకూడదురా."

"అయితే ఇంట్లో పెట్టెయ్యండి."

ఒక్కటి తగ్గినా రావొద్దన్న మాట చెవిలో ఉంది. ఇన్నయ్య వాకిట్లో నిలబడి ఆలోచించాడు. చివరికి కత్తి తీసి నడుం ముందున్న తోలుసంచిలో, చేతిరుమాలు కింద పెట్టాడు. వంతెన దాటాక తీసి పెట్టుకోవచ్చు, అంతేగా అనుకున్నాడు.

వంతెన దిగగానే బండ్ల వరస. హెడ్ కానిస్టేబులు కృష్ణమూర్తి ఆటోలోకి తొంగిచూశాడు.

"ఏంటయ్యా ఈ వేషం? ఏ పార్టీ ప్రచారం?"

"పార్టీ కాదండి. చావుకెళ్తున్నామండి," అన్నాడు గణేష్.

"చావుకి లంగాలో వెళ్తారా? ఈ తోలుతిత్తిలో ఎన్ని సీసాలు పడతాయి?" కృష్ణమూర్తి పైపు సంచిని రెండు చేతులతో ఒత్తాడు. ఊదివుంచిన గాలి ఇంకా లోపలే ఉందేమో, పెద్దగా మూలిగింది. వెనకున్న లారీ డ్రైవరు "సార్, దూడని చంపకండి!" అని అరిచాడు. వరసంతా నవ్వింది. కృష్ణమూర్తి కూడా నవ్వాడు. ఇన్నయ్య కూడా కొంచెం తేలికపడ్డాడు.

"సరే సరే. సీసాలు, డబ్బు, ఆయుధాలు ఏమన్నా ఉన్నాయా?"

"లేవండి," అన్నాడు ఇన్నయ్య.

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యమేసింది. కృష్ణమూర్తి వెళ్ళిపోబోతూ, మామూలుగా, నడుం ముందున్న తోలుసంచి తెరవమన్నాడు. రుమాలు తీశాడు. అతని ముఖంలో నవ్వు పోయింది.

"దిగు."

ఆటో పక్కకి పెట్టించారు. టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఇన్నయ్యని కూర్చోబెట్టారు. దుస్తుల సంగతి, అమ్మన్న సంగతి, మాట సంగతి చెప్పాడు. కృష్ణమూర్తి వినకపోలేదు. "నువ్వు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు, పెద్దాయనా. కానీ లేదన్నావు. ఆ తరవాత దొరికింది. ఇప్పుడు నేను వదిలేస్తే నా ఉద్యోగం. ఎస్సైగారు రావాలి."

ఎస్సైగారు ఎక్కడో మీటింగులో ఉన్నారు. గంట రెండయింది, రెండున్నరయింది. ఎండకి ఊలు మేజోళ్ళు కాళ్ళకి అంటుకుపోయాయి. ఆటోలో పీకలు ఎండిపోతున్నాయని ఇన్నయ్యకి తెలుసు. సాయిలక్ష్మికి ఫోను చేస్తే ఆమె తమ్ముడు సాయిసందీప్ ఎత్తాడు.

"ఎక్కడున్నావు బాబాయ్?"

"వంతెన దగ్గరే. కొంచెం ఆగండ్రా."

"పెద్దాళ్ళు పొద్దుండగానే కానివ్వాలంటున్నారు. ఓ అరగంట అడుగుతాను. త్వరగా రా."

నాలుగింటికి పది నిమిషాలుందనగా ఎస్సై వచ్చింది. ముప్పై ఏళ్ళుండవు. నిలబడే అంతా విన్నది. టెంటులోంచి స్కేలు తెప్పించి అలుగు కొలిచింది. ఒరలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. 

"ఎవరు చేశారు?"

"నేనేనండి."

"మూడున్నర. ఇంత చిన్నదానికి మామూలు రోజుల్లో లైసెన్సు అడగరండి. తొమ్మిదంగుళాలు దాటితేనే ఆ లెక్క. కానీ ఎన్నికలయ్యేదాకా ఏ ఆయుధమూ పట్టుకు తిరగకూడదని ఆర్డరుంది. సిక్కులకి కృపాణం మినహాయింపు. మీది అందులో లేదు." ఆమె ఆయన మేజోళ్ళకేసి చూసింది. "ఇది కాలికి పెట్టుకునేదంటున్నారు. మరి కాలికే ఉంచి, ఇదండీ సంగతి అని మీరే చెప్పుంటే, ఇక్కడ పెట్టి వెళ్ళమని కాగితం రాసిచ్చి రెండు నిమిషాల్లో పంపేసేవాళ్ళం. ఎందుకు దాచారు?"

ఇన్నయ్య గణేష్ కేసి చూడలేదు. "భయపడ్డానండి," అన్నాడు. 

కాగితం రాశారు. సంతకం పెట్టాడు. కత్తిని కవరులో వేసి, ఎన్నికలయ్యాక వచ్చి తీసుకోమన్నారు. ఆటో కదిలింది. ముమ్మిడివరం దగ్గర గణేష్, "నావల్లే మావయ్యా," అన్నాడు.

"దాచింది నేను కదరా," అన్నాడు ఇన్నయ్య.

కత్తి లేకుండా వెళ్ళొచ్చా అని దారంతా తనలో తనే అడుగుతూ వచ్చాడు. జవాబు చెప్పగల మనిషి ఒక్కడే, ఆయన్ని మోసుకుపోతున్నారు. లంకలో మట్టిరోడ్డు దగ్గర ఆటో ఆగిపోయింది. అక్కడినుంచి నడక. ఒకచేత్తో పైపు, ఒకచేత్తో టోపీ పట్టుకుని, అరటితోటల మధ్య పరుగులాంటి నడక నడిచాడు. మలుపు తిరిగేసరికి కొబ్బరిచెట్ల పైన పొగ కనిపించింది.

చితి అంటుకుని చాలాసేపయినట్టుంది. మగవాళ్ళు తిరిగి వస్తున్నారు, సన్నటి గట్టుమీద ఒకరివెనక ఒకరు. ఇన్నయ్య పక్కకి తప్పుకుని దారిచ్చాడు. సాయిసందీప్ తడిబట్టల్లో, తల వంచుకుని వస్తున్నాడు. ఎదురుపడగానే ఒక్క క్షణం ఆగాడు.

"గంట ఆపాను బాబాయ్. ఇంక వల్లకాలేదు."

"తప్పు నాది నాన్నా. వెళ్ళు."

వాళ్ళు దాటిపోయారు. ఇన్నయ్య పీకని నోట్లో పెట్టుకుని తడిపాడు. సంచి నింపి, మోచేత్తో నొక్కాడు. భుజంమీది మోతగొట్టాలు మొదట గరగరలాడి, తరవాత శ్రుతిలో పడ్డాయి. అమ్మన్న అడిగింది నెమ్మది నడక పాట. దాన్ని ఎంత మెల్లగా ఊదాలో అంత మెల్లగా మొదలుపెట్టాడు.

గట్టుమీద వెళ్తున్నవాళ్ళ భుజాలు ఉలిక్కిపడ్డాయి. అది అమ్మన్నకోసం వచ్చిన పాటేనని వాళ్ళకి తెలుసు. కానీ దహనం చేసి వెళ్ళేవాళ్ళు వెనక్కి చూడకూడదు. ముప్పైమంది వీపులు అలాగే దూరమయ్యాయి. ఒక్క తలా తిరగలేదు. సాయిసందీప్ చెయ్యి మాత్రం ఒకసారి పక్కకి చాచినట్టయి, మళ్ళీ కిందికి జారింది. మలుపు దగ్గర అరటాకులు వాళ్ళని ఒక్కొక్కరినే కప్పేశాయి.

ఇన్నయ్య ఆపలేదు. మొదటిసారి ఊది, పద్ధతి ప్రకారం రెండోసారి కూడా ఊదాడు. మూడో చరణంలో ఒక వేలు ఆలస్యమైంది. అక్కడ తప్పిందని తెలిసింది, తెలిసినా ముందుకే వెళ్ళాడు. సంచి ఖాళీ అయ్యేదాకా గాలి వదలనిచ్చి పైపు దించాడు.

కాటికాపరి వెదురుతో ఒక దుంగని లోపలికి తోసి, నుదురు తుడుచుకుని, దగ్గరికి వచ్చాడు. ఈ మనిషెవరో, ఏ కులమో, ఏ దేశమో అతనికి అంతుపట్టలేదు.

"బాబూ, ఇంకా ఎవరన్నా రావాలా?"

"లేదు," అన్నాడు ఇన్నయ్య. 

"మరి తమరెళ్ళరా? చీకటడితే గట్టు కనపడదు."

"కొంచెంసేపుంటాను."

కాటికాపరి తలూపి, తను కూర్చునే గోనెపట్టా దులిపి చెట్టుకింద పరిచి, మళ్ళీ చితి దగ్గరికి వెళ్ళాడు. ఇన్నయ్య కుచ్చిళ్ళు నలగకుండా వెనకనుంచి చేత్తో సర్దుకుని, దానిమీద కూర్చున్నాడు.