జగ్‌రానీ మింగిన పిలుపు

సరయూ ఒడ్డున మా పల్లెలో ఎన్ని కులాలో అన్ని వాడలు. నడుమ మేము, కుర్మీ రైతులం. తూర్పున పాడి చేసే అహీర్లు, కాలువ గట్టున కల్లు గీసే పాసీలు, ఊరి చివర గాజులు తొడిగే చుడిహార్ ముస్లింలు. వీళ్ళందరినీ ఒక పందిట్లోకి చేర్చేది మంగలివారి జగ్‌రానీ. ఏ ఇంట శుభకార్యమైనా గడప గడపకీ వెళ్ళి పిలిచేది ఆమే. ఆమె నోట రాని పిలుపు పిలుపే కాదు. ఇంటి యజమాని స్వయంగా చెప్పినా ఎవరూ కదలరు.

ఇంత పెత్తనం ఉన్న మనిషికి గాజుల హసీబన్ అంటే కడుపుమంట. హసీబన్ పెళ్ళికూతురి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మెత్తగా నొక్కుతూ, కబుర్లు చెప్పి నవ్విస్తుంది. పుట్టిల్లు విడవబోయే పిల్ల ఆమె భుజం మీదే తల వాల్చి ఏడుస్తుంది. జగ్‌రానీ కింద కూర్చుని కాళ్ళకు పారాణి పెడుతూ అదంతా చూడాలి.

"పుట్టిన రోజు నుంచీ నలుగు పెట్టి పెంచింది నేను. ఏడుపొస్తే దాని భుజం కావాల్సొచ్చింది. నాకు మాత్రం మడమలు," అని మా అమ్మ దగ్గర సణిగేది.

"ఎప్పుడూ చిటపటలాడుతుంటే నీ దగ్గరెవరు ఏడుస్తారే," అనేది అమ్మ.

నా పెళ్ళికి జగ్‌రానీ ఊరంతా పిలిచి, హసీబన్ గడప మాత్రం తొక్కలేదు. బజారు గాజులతో పని గడిచిపోతుందనుకుంది పిచ్చిది. మగపెళ్ళివారు పొలిమేర దాకా వచ్చేశారు. గాజులు పడనిదే పారాణి పెట్టకూడదని మా నాయనమ్మ పట్టుబట్టింది. "దానికోసం కూర్చుంటామా, నేనే తొడుగుతా," అని జగ్‌రానీ నా చెయ్యి లాక్కుంది. మొదటి గాజే పుటుక్కుమంది. పెళ్ళికూతురి గాజు విరగడమంటే మాటలా?

"అసలు హసీబన్‌ని పిలిచావా లేదా?" అంది నాయనమ్మ.

జగ్‌రానీ హసీబన్ ఇంటికి పరుగెత్తింది. పిలవలేదని తేలితే ఇక ఏ ఇల్లూ ఆమెకు పిలుపులు అప్పగించదు.

హసీబన్ మంచి చీర కట్టుకుని, గాజుల బుట్ట సర్దుకుని గుమ్మంలోనే కూర్చుని ఉందట.

"నీ నోటితో చెప్పందే ఎట్టా రాను వదినా? పొద్దుట్నుంచీ నీ దారే చూస్తున్నా."

"ఇప్పుడు చెప్తున్నా, రా. నలుగురిలో నా పరువు తీస్తావా ఏంటి?"

హసీబన్ బుట్ట ఎత్తుకుంది.

"ఇప్పుడా రావడం?" అని నాయనమ్మ గద్దించింది.

"వదిన నిన్ననే పిలిచిందమ్మా. నాదే తప్పు, కునుకు పట్టేసింది," అంది హసీబన్. తిట్లన్నీ తనే తిని, నా చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. నేను ఆమె భుజం మీద పడి ఏడ్చాను. కాళ్ళ దగ్గర జగ్‌రానీ కూడా ఏడ్చింది. నా మీద ప్రేమేననుకున్నారు అందరూ.

చాలా ఏళ్ళకు, నేను పుట్టింటికి వచ్చినప్పుడు, నా కాళ్ళు తోముతూ ఇదంతా జగ్‌రానీయే చెప్పింది.

"అది నన్ను బయటపెట్టినా బాగుండేది తల్లీ. తిట్టుకుంటూ హాయిగా బతికేదాన్ని. ఆఖరికి మంచితనం కూడా దానికే దక్కాలా?"

ఇప్పటికీ ఊళ్ళో ఏ పెళ్ళికైనా జగ్‌రానీ మొదటి పిలుపు హసీబన్ గడపలోనే. ఎంత స్నేహమో అని ఊరు ముచ్చటపడుతుంది. హసీబన్‌కి ఇంకోసారి మంచిదనిపించుకునే సందు ఇవ్వకూడదనే జగ్‌రానీ అంత పొద్దున్నే వెళ్తుందని నాకొక్కదానికే తెలుసు.