అరగదీసిన పళ్ళు

లేత్ బాబాయ్ ముప్పై నాలుగేళ్ళుగా ఆ పరిశోధనశాల వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద ఇత్తడీ ఉక్కూ కోస్తున్నాడు. ఆయన చేసిన ఏ ముక్కనైనా పసిపిల్ల బుగ్గకి ఆనించొచ్చు. పని నేర్పిన మేస్త్రీ మొదటిరోజే చెప్పాడట, "చెయ్యి కోసే ముక్క బయటికి పంపావంటే నీ చెయ్యి విరగ్గొడతా" అని. అప్పట్నుంచి ప్రతి ముక్కకీ చివర్లో నాలుగు ఆకురాయి దెబ్బలు. అది ఆయన లెక్కలో పనే కాదు, భోజనం చేసి చెయ్యి కడుక్కోవడం లాంటిది.

పైన పరిశోధన చేసే అమ్మాయి రెండేళ్ళుగా ఒకటే సంగతి పట్టుకు కూర్చుంది. ధ్వని కంటే వేగంగా నాజిల్ అనే సన్నమూతి గొట్టంలోంచి దూసుకొచ్చే గాలికి పొగరెక్కువ. చుట్టూ ఉన్న గాలితో ఓ పట్టాన కలవదు, ఒకే ధారగా పోతుంది. నాజిల్ మూతికి సన్నటి పళ్ళు పెడితే ధార అంచులు సుడులు తిరిగి చుట్టూ గాలిని కలుపుకుంటాయని ఆమె నమ్మకం. బొమ్మ గీసిచ్చింది. బాబాయ్ బియ్యపుగింజంత పళ్ళు నాలుగు చెక్కి ఇచ్చాడు.

పరీక్షకి ఆమెకి దొరికింది మూడే రోజులు. మొదటి రోజు, గాలి కదలికని చూపించే కెమెరా తెరమీద ధార మామూలు నాజిల్లోంచి వచ్చినట్టే నిటారుగా పోయింది. రెండోరోజూ అంతే. మధ్యాహ్నం ఆమె కిందికొచ్చి నాజిల్ బల్లమీద పెట్టింది.

"నా ఆలోచనే తప్పు బాబాయ్. ఇక దీన్ని వదిలేస్తా. మీరు మాత్రం ముచ్చటగా చేసిచ్చారు."

ఆమె వెళ్ళాక ఆయన అలవాటుగా దాని మూతి మీద బొటనవేలు తిప్పాడు. వేలు వెన్న మీద జారినట్టు జారింది. భూతద్దం పెట్టి చూస్తే పళ్ళ మొనలన్నీ గుండ్రంగా అరిగి ఉన్నాయి. అలాంటి పళ్ళు గాలినేం సుడి తిప్పుతాయి?

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రిటైర్మెంటుకి ఐదు నెలలుంది, పెద్దసారు నోరా మంచిది కాదు. ఐనా ఆ పిల్ల రెండేళ్ళ కష్టం తన ఆకురాయి కింద పొడైపోతే ముద్ద దిగుతుందా? మెట్లెక్కి వెళ్ళాడు.

"తప్పు నీది కాదు తల్లీ. ఆ పళ్ళు నేనే అరగదీశాను. సాయంత్రానికి ఇంకోటి ఇస్తా."

తన చేతిని తానే నమ్మలేక, ఆకురాయిని బీరువాలో పెట్టి తాళం ఆమెకిచ్చి మరీ పనిలో దిగాడు. కొత్త నాజిల్ పూర్తయ్యేసరికి రెండు వేళ్ళకి గాట్లు పడ్డాయి.

మూడోరోజు పొద్దున ధార బయటికొస్తూనే విచ్చుకుంది, సుడులు తిరిగింది, చుట్టూ గాలిలో కలిసిపోయింది. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెద్దసారు మాత్రం, "మరి మొదటి రెండు రోజులూ ఏం చేసినట్టు?" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ బాబాయ్ నోరు తెరవబోయాడు. ఆమె ముందే అందుకుంది.

"పొరపాటు నాది సార్. అంచులు పదునుగా ఉంచాలని బొమ్మ మీద నేను రాయలేదు. బాబాయ్ కనిపెట్టి చెప్పకపోతే దుకాణం కట్టేసేదాన్ని."

తనని కాపాడటానికి అబద్ధమాడిందేమోనని ఆయన కిందికెళ్ళి బొమ్మ తీసి చూశాడు. నిజంగానే రాయలేదు. ఇన్నేళ్ళలో ఏ ముక్క పనిచెయ్యకపోయినా తప్పు మెట్లు దిగి వర్క్‌షాపుకే వచ్చేది. ఈసారి అది పైనే ఆగిపోయింది. ఆ పిల్లకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పబోతూ కళ్ళు తుడుచుకున్నాడు. కట్టుకట్టిన వేళ్ళు చూసి ఆవిడ కంగారుగా, "బాగా నొప్పిగా ఉందా?" అంది.

"నొప్పి కాదే," అన్నాడు. "ఇవాళ ఎవరూ నన్నొక్క మాట అనలేదు."