ఇంజను ముందు పెట్టిన ఇత్తడి బిల్ల

దగ్గరకు జరిగి కూర్చోండి. గడప అవతల నిలబడ్డవాళ్లు కూడా లోపలికి రండి, అరిచి చెప్పే మాట కాదిది. పనిచేసే మనిషిని అన్యాయంగా తీసేస్తే ఏం చేయాలో మా ఇంట్లో ఎట్లా నేర్చుకున్నామో చెబుతాను. నేను చదివింది రెండో తరగతి. అయినా ఆ నెలన్నరలో ఎవరు ఏ మాటన్నారో, ఏ వైపు చూస్తూ అన్నారో అన్నీ గుర్తున్నాయి.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్లు. మేం ఆదిలాబాదులో ఒక జిన్నింగు మిల్లు వెనక వరుస ఇళ్లలో ఉండేవాళ్లం. మా ఆయన మిల్లులో పత్తి నుంచి గింజ తీసే యంత్రం నడిపేవాడు. అక్కడ ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి బిల్ల ఇచ్చేవారు. పొద్దున అది చూపిస్తేనే గేటు లోపలికి పోనిచ్చేవారు. పని వద్దనుకున్నవాడు బిల్లను ఆఫీసులో అప్పగించి పోవాలి. అది మిల్లు కట్టడి.

పనివాళ్ల కట్టడి ఇంకొకటి ఉండేది. దసరా ముందురోజు ఇంజను కడిగి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, అందరి బిల్లలూ ఒక పళ్లెంలో దాని ముందు పెట్టేవాళ్లు. పండుగ తెల్లారి ఎవరిది వాళ్లు కళ్లకద్దుకుని తీసుకునేవాళ్లు. ఆ రెండు రోజులూ ఇంజను గది తాళంచెవి ఫిట్టరు దగ్గర ఉండేది. ఫిట్టరంటే మా పక్కింటాయనే. బావా అని పిలిచేదాన్ని. రెండిళ్లకూ ఒకటే రోలు.

ఆ ఏడు పండుగ తెల్లారి పళ్లెంలో అందరి బిల్లలూ ఉన్నాయి, మా ఆయనది లేదు. ఆఫీసులోకి పోయి అడిగితే మేనేజరు సొరుగు లాగి అందులో ఉన్న బిల్ల చూపించాడట.

“నువ్వే తెచ్చిచ్చినవ్ గదా, పని వద్దని?”

“నేనెప్పుడిచ్చిన సాబ్? పూజల పెట్టిన.”

“పూజలు గుడిల చేసుకోవాలె. పో, నీ జాగల వేరేటోణ్ని పెట్టుకున్నం.”

ఎందుకన్నాడో మాకు తెలుసు. పండుగకు ముందు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వచ్చి, యంత్రాలను తిప్పే తోలుపట్టాకు అడ్డంగా ఇనుప జాలి ఎందుకు లేదని అడిగాడు. అందరూ నేలచూపులు చూశారు. మా ఆయన మాత్రం, “మొన్ననే ఒకామె కొంగు గుంజుకున్నది సారూ” అనేశాడు. దానికి ఇది బదులు.

మేమున్న ఇల్లు మిల్లుదే. పనిపోతే ఆ కప్పు కూడా పోతుంది. ఇద్దరు పిల్లలు, కళ్లు సరిగా కనపడని అత్త. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, “మల్ల గా గేటు మొఖం చూడ” అన్నాడు.

నా అనుమానమంతా ఫిట్టరు బావ మీదే పడింది. తాళంచెవి ఆయన దగ్గరుంటే బిల్ల నడిచిపోయిందా? ఆయన భార్య రోలు దగ్గరికి వస్తే నేను పప్పు సగంలో వదిలి లేచేదాన్ని. ఆమె నవ్వితే ఎందుకు నవ్విందని, నవ్వకపోతే ఏం దాస్తోందని నాలో నేనే వాదులాడేదాన్ని. ఒకరోజు ఆమే అడిగింది.

“ఏందక్కా, నా నీడ పడితె మైలపడ్తవా?”

“నీ నీడతోని ఏం గాదు చెల్లె. మీ ఆయన మొలల ఉన్న తాళంచెవితోనే భయం.”

ఆ తర్వాత ఆమె రోలు దగ్గరికి రాలేదు.

సర్కారు ఆఫీసర్లు దిగే డాకు బంగళాలో నెలకోసారి లేబరు ఆఫీసరు కూర్చుంటాడని తెలిసి మా ఆయనను లాక్కుపోయాను. ఆ ఆఫీసరు కోస్తా వైపు మనిషి. ముందు చాయ్ కప్పు ఉంది. అది మిల్లు నుంచి వచ్చిందేమోనని నా కన్ను ఆ కప్పు మీదే.

“రాజీనామా కాగితం ఏమైనా రాసిచ్చావా?” అని అడిగాడు.

“లేదు సార్.”

“తప్పేమిటో చెప్పి నోటీసు ఇచ్చారా? నీ జవాబు విన్నారా?”

“ఏదీ లేదు.”

“మరి ఇంట్లో ఎందుకు కూర్చున్నావయ్యా? రోజూ గేటు దగ్గరికి పోయి నలుగురి ముందు పని అడుగు. లేకపోతే నువ్వే మానుకున్నావని రాసుకుంటారు. మిల్లుకు అర్జీ రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకో. ఇంకో మాట. ఒక్కడి తగాదాను కార్మిక చట్టం పట్టించుకోదు. ఇది మా అందరి తగాదా అని తోటి పనివాళ్లు సంతకాలు పెట్టాలి. అప్పుడు మేనేజరును పిలిచి మాట్లాడతాను. రాజీ కుదరకపోతే సర్కారుకు రాస్తాను, వాళ్లు పంపితే హైదరాబాదు కోర్టు చూస్తుంది.”

బయటికి రాగానే మా ఆయనతో, “గింత మంచిగ ఎందుకు చెప్పిండు? సంతకాలు పెట్టినోళ్ల పేర్లు మేనేజరుకు ఇస్తడేమో” అన్నాను.

“నీకు దేవుడొచ్చి చెప్పినా అనుమానమేనే” అన్నాడు ఆయన. కానీ తెల్లారి నుంచి గేటు దగ్గర నిలబడ్డాడు.

తహసీలు కచేరీ వరండాలో అర్జీలు రాసే పెద్దమనిషితో రాయించాను. చదివి వినిపించమంటే, “అన్ని సరిగనే ఉన్నయమ్మా” అన్నాడు. అన్నీ సరిగ్గా ఉంటే చదవడానికి ఏం నొప్పి? బడిపంతులు దగ్గరికి తీసుకుపోయి చదివించాను. చివర ఇట్లా ఉంది: “నా తప్పును మన్నించి, దయతో పనిలోకి తీసుకోవలసిందిగా వేడుకుంటున్నాను.”

తిరిగి వరండాకు పోయాను. “తప్పే చెయ్యలేదంటే మన్నించుడేందయ్యా?”

“అర్జీ అంటే గట్లనే రాస్తరమ్మా. నైజాం కాలంకెల్లి గదే రాత.”

“నైజాం పోయిండు. గా ముక్క గుడ పోవాలె. మల్ల రాయి.”

గొణుక్కుంటూ మళ్లీ రాశాడు. మేనేజరు చెబితేనే ఆ ముక్క పెట్టాడా, అలవాటుకొద్దీ పెట్టాడా, నాకు నేటికీ తెలియదు.

ఇక సంతకాలు. ఇది మా అందరి తగాదా అని ఇంకో కాగితం రాయించాను. పత్తి ఏరే ఆడవాళ్ల దగ్గరికే ముందు పోయాను. కొంగు పట్టాలో చిక్కిన ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

“వేలిముద్ర వేసినంక పైన ఏం రాస్తరో ఎవలకెరుక అక్కా?”

నా నోటి మాటే నాకు ఎదురొచ్చింది. కోపం రాలేదు. పంతులును పిలిపించి వాకిట్లో అందరి ముందు చదివించాను. ఆఖరి వరుస కింద అడ్డగీత గీయించి, మళ్లీ ఒక్క అక్షరం చొరబడకుండా దాని కిందే ముద్రలు ఆనించమన్నాను. కొంగు చిక్కినామె ముందు వేసింది. ఆమె వెనక మిగతావాళ్లు.

ఫిట్టరు ఇంటికి నేను పోలేదు. ఆయనే వచ్చాడు. “ఏది, గా కాగితం ఇటియ్యి మరదలా.”

“ఎందుకు? మేనేజరుకు చూపిద్దామనా?”

ఆయన ముఖం నల్లబడింది. వెనక్కి తిరిగి పోయాడు. నిజాన్నే తాకానని ఆ పూట గర్వపడ్డాను కూడా.

అర్జీ మిల్లుకు, సంతకాల కాగితం ఆఫీసరుకు పోస్టులో పోయాయి. ఆఫీసరు ఇరువైపుల వాళ్లనూ పిలిచిన రోజు డాకు బంగళాలో మేనేజరు కుర్చీలో, మేం గోడవార. “ఇతనే వచ్చి బిల్ల నా చేతికిచ్చాడు” అన్నాడు మేనేజరు. ఎవరు చూశారని ఆఫీసరు అడిగాడు. అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ ఫిట్టరు బావ ముందుకొచ్చాడు. ఆయన వచ్చినట్టే నేను చూడలేదు.

“ఆయన ఇయ్యలే సార్. నేనిచ్చిన. నంబరు అరిగింది, కొత్తది చెక్కియ్యాలె, పళ్లెంల నుంచి తెమ్మని సాబే చెప్పిండు. తెచ్చిచ్చిన. తర్వాత సంగతి తెలిసి గుడ నోరు మూసుకున్న. గది నా తప్పు.”

నా అనుమానం నిజమే. ఆ నిజమే మమ్మల్ని కాపాడింది. సంతోషించాలో తిట్టాలో తెలియక నేల చూశాను.

హైదరాబాదు కోర్టు దాకా పోలేదు. మధ్యలో ఆగిన పనిరోజులు కూడా లెక్కలో ఉన్నట్టే రాసిచ్చి మా ఆయనను తీసుకున్నారు. ఆ రాజీ కాగితం కూడా పంతులుతో రెండుసార్లు చదివించాకే వేలిముద్ర వేయనిచ్చాను.

పదిరోజులు తిరగకముందే ఫిట్టరు బావకు నోటీసు వచ్చింది. ఇంజను గదిలో వస్తువులు కాపాడలేదట, వారంలో జవాబు ఇవ్వాలట. ఆయన భార్య నోటీసు పట్టుకుని మా గడప దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు.

“మా ఆయనది తప్పే అక్కా. పని గుడ పోవాల్నా?”

అత్త లోపలి నుంచి, “రానియ్యవే, ఎంతసేపు నిలబెడ్తవు?” అంది.

నేను చెప్పులు వేసుకుని ఆమెను వెంటబెట్టుకుని కచేరీ వరండాకు నడిచాను. గడువులోపలే జవాబు పోయింది, రిజిస్టరు పోస్టులో. దానితోపాటు పనివాళ్లందరి తరఫున ఒక కాగితం. దాని మీద మొదటి వేలిముద్ర మా ఆయనది. ఫిట్టరును తీయలేకపోయారు.

నంబరు మళ్లీ చెక్కించడానికే మేనేజరు బిల్ల అడిగాడని బావ నిజంగా నమ్మాడా, లేక అప్పుడే ఏదో తెలిసి తెచ్చిచ్చాడా? చాలాసార్లు అడగబోయి ఆగాను. ఆయన పోయేదాకా అడగలేదు. ఆ అనుమానం నాలో అట్లాగే ఉంది. ఉండనీ. ఆయన పని మాత్రం పోనివ్వలేదు.

ఇంతసేపు విన్నారు. మీ పొయ్యి మీద కుండ నిండుగా ఉడకాలి. పొద్దున పనికి పోయిన మనిషి పొద్దుగూకేసరికి నవ్వుముఖంతో మీ గడప తొక్కాలి. పిల్లాపాపలతో మీ ఇల్లు చల్లగా ఉండాలి.