డాక్టరు ఇంగ్లీషులోకి మారినప్పుడు

నాకు భయం జ్వరం చూసి పుట్టలేదు. ములకలపల్లి బస్సు కుదుపులకు మా ఆరేళ్ల బాబు నా ఒళ్లో మూలుగుతున్నప్పుడూ పుట్టలేదు. అప్పటిదాకా నాతో తెలుగులో మాట్లాడిన డాక్టరు, వాడి ఎడమ డొక్క కింద వేళ్లతో నొక్కి చూసి, జూనియర్ వైపు తిరిగి ఇంగ్లీషులోకి మారినప్పుడు పుట్టింది.

"స్ప్లీనోమెగలీ," అన్నాడాయన. తర్వాత నాతో, "ఏం లేదమ్మా, మామూలు జ్వరమే. గోలీలు రాస్తున్న, ఇంటికి తీస్కపో," అన్నాడు.

డిగ్రీలో జువాలజీ మేడమ్ మాకు గ్రీకు మూలాలు నేర్పింది. ఇంగ్లీషులో రోగాల పేర్లు ఎంత భయపెట్టినా, విడదీస్తే లోపల ఉండేవి రక్తం, కాలేయం, వాపు లాంటి చిన్న మాటలేనంది. కాలేజీకి వెళ్లే ఇల్లందు బస్సులో నేనూ నా స్నేహితురాలూ దాన్నే ఆటగా ఆడేవాళ్లం. ఒకరు మాట విసిరితే, తర్వాతి స్టేజీ వచ్చేలోపు రెండోవాళ్లు విడదీయాలి. స్ప్లీన్ అంటే ప్లీహం. మెగలీ అంటే పెద్దదవడం. మలేరియా వస్తే ప్లీహం పెరుగుతుందని కూడా మేడమే చెప్పింది.

నేను కుర్చీలోంచి లేవలేదు.

"ప్లీహం పెరిగిందన్నరు గదా సార్. మాది అడవి పక్క ఊరు. మలేరియా పరీక్ష ఎందుకు రాయలే?"

ఆయన పెన్ను ఆగింది. "నిన్ను భయపెట్టుడెందుకని చెప్పలేదమ్మా."

"మీరు ఇంగ్లీషుల మాట్లాడంగనే భయపడ్డ సార్. తెలుగుల చెప్తే జర ధైర్యమన్న ఉంటుండె."

వెనక నుంచి మా అత్త నా కొంగు లాగింది. "మెల్లగ మాట్లాడే! కోపానికొచ్చి పిలగానికి సూది గట్టిగ పొడుస్తడు."

"పొడిస్తే నాకు పొడవమను అత్తమ్మా. పరీక్ష గాకుండ నేనైతే లేవ."

జూనియరమ్మ నవ్వాపుకుంది. డాక్టరు నవ్వలేదు గానీ చీటీ తిరగరాశాడు. సాయంత్రానికి మలేరియా అని తేలింది. వాణ్ని వార్డులో చేర్చుకుని మందు మొదలుపెట్టారు. ప్లీహం పెరగడాన్ని మా ఊళ్లో కడుపులో బల్ల అంటారు. ఆ సంగతి చెప్పగానే మా అత్త, "బల్లనా? గా ముక్క ముందే అంటే నేను సుత కొట్లాడుతుంటి గదనే!" అంది.

ఇది రాస్తూ కూడా రెండు వాక్యాలకోసారి వాడి నుదురు ముట్టుకుంటున్నాను. నా భయం పోలేదు. భయపడేవాళ్లు నోరు మూసుకోవాలని మాత్రం ఎక్కడా లేదు.

వార్డులో చేర్చిన మర్నాడు పొద్దున మా ఆయన పెద్దమ్మాయిని తీసుకుని టిఫిన్ డబ్బాతో వచ్చాడు. "డాక్టర్ సార్‌తోని కొట్లాడినవట గదమ్మా?" అంది అది కళ్లు పెద్దవి చేసి. పిల్లలిద్దరినీ దగ్గరికి తీసుకుని చెప్పాను.

"కొట్లాడలే, అడిగిన. గా పెద్ద మాటలు దేవుడు చెప్పినయి గావు, గ్రీకు మనుషులు కట్టినయి. మనుషులు కట్టినయి మనుషులకు సమజైతయి. సమజ్ కాకపోతే 'ఏంది సార్' అని అడుగుర్రి. విసుక్కుంటే మళ్ల అడుగుర్రి."