చంపి చూసిన గీత

మా మేనత్త సోమవారం పొద్దున పోయింది. ఆదివారం ప్రార్థనకు రాలేదేమని అడిగినవాళ్లకు "జ్వరం" అని చెప్పాను. మరునాడు అదే నోటితో ఈ కబురు చెప్పాల్సి వచ్చింది. రోజువారీ లెక్కలు తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. అయినా ఆమె ఎడమ కన్ను ఎలా పోయిందో ఊళ్లో తలోరకంగా చెప్పుకుంటున్నారు. ఆ రోజు పక్కన ఉన్నది నేనే కాబట్టి రాస్తున్నాను.

హైదరాబాదులో ఆమె పనిచేసిన ప్రయోగశాల స్థలం అద్దాల ఆఫీసులకు పోయింది. పాత యంత్రాలను తుక్కు కింద అమ్ముతుంటే తానే కొని, లారీలో బీదర్ తెచ్చి, చిమ్కోడ్ దారిలోని మా రేకుల షెడ్డులో దించింది. నేను వెల్డింగ్ గ్యాసు దుకాణంలో లెక్కలు చూసేవాణ్ని. బడి చదువు ఏడుతో ఆగింది. ఆమె పని నాకు అర్థమైనంత ఇది: నక్షత్రాల మధ్య చీకట్లో పలచటి వాయువులున్నాయి. అక్కడి ఒక్కో అణువు, రేడియో స్టేషను లాగా, తనవైన అంకెల దగ్గరే రేడియో తరంగాలు పంపుతుంది. దూరదర్శినులు వాటిని గీతలుగా పట్టుకుంటాయి కానీ, ఏ గీత ఎవరిదో చెప్పలేవు. ఆ అణువును ఇక్కడ తయారుచేసి, దాని గీతలు ఆకాశపు గీతలతో సరిపోలితేనే పేరు పెట్టాలి.

తయారుచేయడమంటే కొట్టడమే. మనిషి పొడుగు గాజు గొట్టంలోంచి గాలంతా పంపుతో లాగేసి, కొద్దిగా ఎసిటిలీన్ వదిలి, అత్త వేల వోల్టుల కరెంటుతో బాదేది. గొట్టం ఊదారంగులో బుసకొట్టేది. అణువులు ముక్కలై, ఆ ముక్కలు ఒకదాన్నొకటి గుద్దుకొని కర్బనపు గొలుసులయ్యేవి. ఆకాశంలో ఏళ్లకేళ్లు బతికే ఆ గొలుసులు ఇక్కడ గొట్టం గోడకు తగలగానే చచ్చేవి. ఆలోపే వాటి గీత పక్కనున్న తెర మీద పడాలి.

"ఇంత గనం కొట్టాల్నా అత్తా?" అని అడిగాను.

"మెల్లగ అడిగితే ఎవడు పేరు జెప్తడు అల్లుడా?" అంది.

ఒక ఎండాకాలం గీత దొరికింది. ఎవరిదో తేలక మిగిలిన ఆకాశపు గీతల్లో ఒకదానితో సరిపోయింది. హైదరాబాదులోని పాత సహోద్యోగి ఫోనులోనే కేకవేసి, శాస్త్రవేత్తల సభకు వచ్చి చెప్పమన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "ముందు సంపి సూస్త. ఎంత సంపినా సావకుంటే అప్పుడు మనది." అంటే, ఆ గీత మరెక్కడి నుంచో రావడం లేదని తేల్చుకోవడం. వెల్డింగ్ ఎసిటిలీన్‌లో ఎసిటోన్ అనే ద్రవపు ఆవిరి కలిసి ఉంటుంది. గ్యాసు వచ్చే సన్నగొట్టాన్ని ఉప్పు కలిపిన ఐసులో ముంచి దాన్ని ఆపుతున్నాం కానీ, అది చాలదేమోనని ఆమె అనుమానం. ఆమె జీవితమంతా చేసిన పని ఆ ఒక్క గీత మీద నిలబడి ఉంది.

హైదరాబాదు ధరలు మా దాకా వచ్చిన రోజులవి. పక్క చేనులో ప్లాట్లు వేస్తూ, బావి కోసం రాతిని మందు పెట్టి పేల్చేవారు. పేలినప్పుడల్లా అత్త గొట్టం మీద అరచెయ్యి ఆనించేది, అదురు ఆగేదాకా. ఆ మధ్యాహ్నం పేలుడు మరీ దగ్గరగా వచ్చింది. గొట్టం ఆమె చేతి కిందే కూలింది. లోపల ఖాళీ కావడంతో బయటి గాలి దాన్ని నలిపేసింది. గాజు ఎగిరి గోడల్లో దిగబడింది. నేను తలెత్తేసరికి ఆమె కంటి నుంచి నెత్తురు కారుతోంది.

ఆటో తెస్తానన్నాను. ఆమె వినలేదు. తువ్వాలు అదుముకొని గట్టు దాటి బావి తవ్విస్తున్న గుత్తేదారు దగ్గరికి నడిచింది.

"నాకేం ఎర్కమ్మా, ప్లాట్లు కొన్నోళ్లు బాయి జల్ది గావాలంటున్నరు..."

మాట పూర్తికాలేదు. నెత్తుటి చెయ్యి అతని చెంప పగలగొట్టింది. అయిదు వేళ్లూ ఎర్రగా దిగాయి.

"నువ్వు రాయిని కొడ్తవు, నేను గాలిని కొడ్త. కొట్టుడు తప్పంటలేను. జెప్పి కొట్టు!"

కన్ను దక్కలేదు. మర్నాటి నుంచి మందు పేల్చే ముందు గుత్తేదారు మా షెడ్డు వైపు తిరిగి ఈల ఊదేవాడు.

కట్టు విప్పకముందే ఆమె కొత్త గొట్టం తెప్పించింది. ఎసిటోన్‌ను పూర్తిగా గడ్డకట్టించాలంటే ద్రవ నైట్రోజన్ కావాలి. మా దగ్గర అది పశువుల ఆసుపత్రిలో, ఆంబోతు వీర్యం దాచే డబ్బాల్లోనే దొరుకుతుంది. కాంపౌండరు నవ్వాడు.

"మేడమ్, ఇది బర్రెలు ఈనేతందుకు. నీ సుక్కలు గూడ ఈన్తయా?"

"ఈనితే నీకు జున్ను పంపుత తియ్యి."

నేరుగా వాడితే ఎసిటిలీనూ గడ్డకడుతుందని, గిన్నెడు స్పిరిట్‌లో నైట్రోజన్ పోసింది; అది పాకంలా చిక్కబడింది. అందులో ముంచిన సన్నగొట్టం గుండా ఎసిటిలీన్ పంపి, కరెంటు వేసి, ఒంటికంటితో తెరను చాలాసేపు చూసింది. గీత లేదు. పాత పద్ధతిలో ఉప్పు ఐసు పెట్టింది, వచ్చింది. మళ్లీ స్పిరిట్ పెట్టింది, పోయింది. అది ఎసిటోన్ వల్ల పుట్టిన గీత.

"కన్ను వాయె, గీత వాయె" అన్నాను.

"మనమే సంపినం గద. వేరేటోడు సంపితే తలకాయ యాడ వెట్టుకుందుము?" అని, హైదరాబాదుకు తానే ఫోను చేసి చెప్పింది.

తర్వాత మరికొన్ని గీతలు పట్టింది, అన్నిటినీ చంపింది. కుంగలేదని అనను. కొన్నాళ్లు షెడ్డు తలుపు తీసేది కాదు, ఆపై పంపు చప్పుడు వినబడేది. నా లెక్కల్లో మొత్తం సరిపోయినా, ఇంకోవైపు నుంచి చెడగొట్టి చూసే అలవాటు ఆమె పెట్టిందే. ఈల వినబడితే మాత్రం ఆమె చెయ్యి దగ్గరున్న గాజు మీదికి పోయేది: కిటికీ, టీ గ్లాసు, ఒకసారి నా కళ్లజోడు. కొన్నాళ్లకు నా చెయ్యీ అలాగే గాజు మీదికి పోసాగింది.

మంగళవారం ఆమెను వరండాలో అద్దం మూత ఉన్న మంచుపెట్టెలో ఉంచాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. చేనవతల ఇప్పుడు ఇంకెవరో బావి తవ్విస్తున్నారు, ఈల ఊదే ఆనవాయితీ నిలిచింది. అది వినబడగానే నా అరచెయ్యి పెట్టె అద్దం మీద పడింది. అందరూ నా వైపు చూశారు. అప్పుడు పేలింది. రేకులు అదిరాయి. అద్దం నా చేతి కింద వణికి, ఆగింది.

చెయ్యి తీశాను. అద్దం నిండా పట్టిన తేమ అయిదు వేళ్ల మేర చెరిగింది. ఆ సందులోంచి అత్త ముఖం కనిపించింది, రెండు కళ్లూ ఒక్కలాగే మూసుకొని.